ఊబిగుట్ట దీపాలక్క

సముద్రాన్ని ఆనుకుని ఉన్న ఆ గుట్ట పెద్ద ఎత్తేమీ కాదు. కానీ ఒళ్లంతా ఊబి. పైకి పచ్చగడ్డి నవ్వుతుంటుంది, నమ్మి అడుగేస్తే మోకాలిదాకా మింగుతుంది. కొసన పడవలకు దారి చూపే దీపం. దాన్ని వెలిగించే పని మొదట మొగుడిది. అతను దీపం నిచ్చెన మీంచి పడి, నడుం విరిగి మంచానికి అతుక్కుపోయాక పెళ్లాం నెత్తిన పడింది. అప్పట్నుంచి ఆమె అందరికీ దీపాలక్క అయింది.

రోజూ పొద్దు వాలకముందే నూనె డబ్బా భుజాన తగిలించుకుని, కర్రతో నేల పొడిచి చూసుకుంటూ ఎక్కేది. మంచం కిటికీ పక్కనే కాబట్టి మొగుడికి గుట్ట మొత్తం కనబడేది. అవసరమైతే పక్కింటి వలలాయన్ని పిలవడానికి చేతికందేలా గంట కూడా కట్టించింది.

నడుం పడిపోయినా నోరు పడిపోలేదు అతనికి.

"ఆ రాయి దగ్గర ఎందుకు ఆగావ్? ఎవడున్నాడక్కడ?"

"ఊపిరి తీసుకోడానికి ఆగానయ్యా. కొంగలు తప్ప ఎవరుంటారక్కడ?"

"కొంగకైనా కొంగు పరిచే రకం నువ్వు."

ఆమె ముద్ద కలిపి ఆ నోట్లోనే పెట్టేది.

ఒక వానాకాలం సాయంత్రం కర్ర పుటుక్కున విరిగింది. ఆమె నడుముదాకా దిగబడిపోయింది. కదిలినకొద్దీ లోపలికే. ఇంటివైపు తిరిగి, "గంట కొట్టవయ్యా! గంట!" అని గొంతు చిరిగేలా అరిచింది. కిటికీలో అతని ముఖం కనబడుతూనే ఉంది. గంట మాత్రం మోగలేదు.

చివరికి డబ్బాను బురద మీద అడ్డంగా పడేసి, దానిమీద బోర్లా వాలి, గడ్డిదుబ్బులు పట్టుకుని పాక్కుంటూ బయటపడింది. ఒక గోరు ఊడిపోయింది. అయినా డబ్బా లాక్కుని పైకే వెళ్లింది. పడవలు ఇంకా ఒడ్డుకు రాలేదు మరి.

తిరిగొచ్చి గుమ్మంలోనే నిలబడి అడిగింది.

"చూశావా?"

"చూశాను."

"మరి గంట?"

"నీవాడెవడో వచ్చి లాగుతాడేమో చూద్దామనుకున్నా."

ఆమె ఏడవలేదు. కాళ్లు కడుక్కుని, అతనికి అన్నం పెట్టి, మూతి తుడిచి, గంట తాడు కోసేసింది. మంచాన్ని గోడవైపు తిప్పేసింది.

"ఏమే, నేనేం చూడాలి?"

"గోడ."

ఆ తర్వాత చాలా ఏళ్లు బతికాడు. ఆమె ఒక్కపూట పస్తు పెట్టలేదు, వీపున ఒక్క పుండు పడనివ్వలేదు. మాట మాత్రం ఆడలేదు. మొదట్లో తిట్టాడు, తర్వాత బతిమాలాడు. "సముద్రం ఏ రంగులో ఉందో అదైనా చెప్పవే" అనేవాడు. ఆమె దుప్పటి మార్చి వెళ్లిపోయేది.

అతను పోయినరోజు వలలాయన భార్య కళ్లు ఒత్తుకుంటూ, "ఒంటిమీద పుండన్నది లేకుండా చూసుకున్నావక్కా. ఎవరు చేస్తారు ఇంత చాకిరీ!" అంది.

"పుండు పడితే తొందరగా పోయేవాడు," అంది దీపాలక్క.