ఆ ఏడుపు నాది

మా అక్క చచ్చిపోయినప్పుడు నేను గొంతెత్తి ఏడవలేదు. సౌదీలోని ఖమీస్ ముషైత్‌లో నేను పనిచేసే ఇంట్లో పెళ్ళి. పెళ్ళింట్లో పనిమనిషి శోకాలు పెడితే ఎలా ఉంటుందో నాకు తెలుసు కాబట్టి నోరు మూసుకున్నాను. పెళ్ళి అయిపోయింది, చుట్టాలు వెళ్ళిపోయారు, రెండేళ్ళు గడిచాయి. ఆ ఏడుపు మాత్రం లోపలే ఉండిపోయింది. ఎవరి ముందు దించుకోవాలో తెలియక మోస్తూ తిరిగాను.

మేమిద్దరం తెనాలి వైపు డ్రామా కంపెనీల్లో పద్యనాటకాలు ఆడినవాళ్ళం. తను నాకన్నా ఆరేళ్ళు పెద్ద. పొడగరి, గొంతు ఖంగుమనేది. అందుకని తనకెప్పుడూ రాజు వేషం, నాకు రాణి వేషం. జనం వన్స్ మోర్ అని గోల చేస్తే, యుద్ధంలో చచ్చి పడున్న రాజు కాస్తా లేచి, మీసం సర్దుకుని, పద్యం మళ్ళీ పాడి, మళ్ళీ చచ్చేది. శవం మీద పడి ఏడవాల్సిన నేను అంతసేపూ పళ్ళు బిగించి నవ్వాపుకునేదాన్ని. తర్వాత తర్వాత మాకు పిలుపులు తగ్గాయి. తిరునాళ్ళలో రికార్డింగ్ డాన్సులు పెట్టించడం మొదలెట్టారు. అక్క ఊళ్ళో ఇడ్లీబండి పెట్టుకుంది, నేను విమానం ఎక్కాను.

నేను వచ్చేసరికి ఈ ఇంటి చిన్నపిల్లకి ఐదేళ్ళు. నన్ను ఖాలా అంటుంది, అంటే పిన్ని. ఇప్పుడు పదహారు. పోయిన వేసవిలో ఒకరోజు బడి సంచి గుమ్మంలోనే పడేసి వచ్చి, నాటకంలో వేషం దొరికిందని చెప్పింది. వేసవిలో రియాద్, జెడ్డా వాళ్ళు ఎండలకు తాళలేక మా వైపు కొండలకి వస్తారు. వాళ్ళకోసం కొండమీది పార్కులో ఒక బడిపంతులు కుర్రాళ్ళనీ అమ్మాయిల్నీ పోగేసి, రాతిమెట్ల ముందు చెక్కలతో వేదిక కట్టి, వారానికి రెండు ఆటలు ఆడిస్తాడు. అన్న బావిలో పడి చనిపోతే కూర్చుని ఏడ్చే చెల్లెలి వేషం మా పిల్లది.

ఆ కొండమీద గాలి ఎక్కువ. మైకు పెడితే బుస కొడుతుంది తప్ప మాట వినపడదు. అందుకని పంతులు మైకులు తీసేయించాడు. ఎవరి గొంతే వాళ్ళకి దిక్కు. మా పిల్ల గొంతేమో మూడో మెట్టు దాటడం లేదు.

"ఖాలా, నువ్వు నాటకాలాడేదాన్నని చెప్పావుగా. నాకు నేర్పవూ?" అని నా కొంగు పట్టుకుంది. కొంగంటే ఇక్కడ తలకి చుట్టుకునే గుడ్డే.

మేడ మీద నేర్పాను. ఆ చివర నీళ్ళ ట్యాంకుల దగ్గర ఆ పిల్ల, ఈ చివర బట్టలారేస్తూ నేను. వినపడకపోతే చెయ్యెత్తేదాన్ని.

"అరవకు. అరిస్తే గాలి ఎత్తుకుపోతుంది. పొట్ట బిగించి, మాట చివర మింగకుండా పలుకు. పై మెట్టు మీద చెవుడున్న ముసలావిడ కూర్చుంది, ఆవిడకి చెప్పు," అనేదాన్ని. మా మాటలన్నీ అరబ్బీలోనే. నాది వంటింటి అరబ్బీ, అయినా దానికి అర్థమయ్యేది. ఎన్నో ఏళ్ళ తర్వాత ఒంట్లోకి ప్రాణం వచ్చినట్టనిపించింది. అబద్ధమెందుకు, ఆ రెండు వారాలూ నేను సంతోషంగా ఉన్నాను.

మొదటి ఆటకి మేడమ్, అంటే పిల్ల తల్లి, నన్ను పక్కనే కూర్చోబెట్టుకుంది. పొద్దుగూకాక చేసే మగ్రిబ్ నమాజు అయ్యాక మొదలైంది. పిల్ల గొంతు నాలుగో మెట్టు దాటింది, ఎనిమిదోది దాటింది, నా ఛాతీ ఉబ్బింది. అంతలో ఏడ్చే ఘట్టం వచ్చింది.

పిల్ల మోకాళ్ళ మీద కూలబడింది. తలగుడ్డ కొస తీసి నోట్లో కుక్కుకుంది. ఎడమచేత్తో మోకాలి మీద చప్పుడు కాకుండా కొట్టుకుంటూ ముందుకీ వెనక్కీ ఊగింది.

అది నేను.

పెళ్ళినాడు వాషింగ్ మెషిన్ పక్కన నేను ఏడ్చిన ఏడుపది. అంతకు ముందు రోజు అక్క గుండెపోటుతో పోయింది. బాబాని, అంటే ఇంటాయనని, పంపించమని అడిగాను. ఆయన కాదనలేదు. అప్పటికప్పుడే, ఊరెళ్ళి తిరిగొచ్చే ఎగ్జిట్ రీ-ఎంట్రీ వీసాకి ఫోన్లో పెట్టించాడు. అది వచ్చి, టికెట్టు దొరికి, రెండు విమానాలు మారి నేను చేరేదాకా శవం ఉండదు కదా. ఎవరైనా వెళ్ళొద్దని ఉంటే వాళ్ళ మీద కోపమైనా తెచ్చుకునేదాన్ని. అలాంటివాళ్ళు ఎవరూ లేరు. అక్క కొడుకు స్మశానం నుంచి వీడియో కాల్ చేశాడు. పక్కగదిలో ఆడవాళ్ళు పాటలు పాడుతున్నారు. ఫోన్లో సౌండు తీసేసి, గుడ్డ నోట్లో కుక్కుకుని చూశాను. పిల్ల మంచినీళ్ళకని వచ్చి, గుమ్మంలో కాసేపు నిలబడి వెళ్ళిపోయింది. అప్పుడు దానికి పద్నాలుగు.

మెట్ల మీద జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. మేడమ్ కళ్ళు తుడుచుకుంటూ నా చెయ్యి నొక్కి, "చూశావా, అంతా నువ్వు నేర్పిందే," అంది.

బండెక్కి తిరిగి బయల్దేరాం. డ్రైవరు జగిత్యాల వైపు మనిషి. "పాప మస్తు ఏడ్చింది గదనే అక్కా, నాకే కండ్లల్ల నీళ్ళచ్చినయ్," అన్నాడు.

"వస్తే తుడుచుకో. రోడ్డు చూసి నడుపు."

"గట్లంటవేందక్కా, నేనేమన్న?"

పాపం, అతనేమీ అనలేదు. నాకు కోపం ముక్కుమీదుంటుందని మా అక్క ఊరికే అనేది కాదు. మూడు రోజులు పిల్లతో మాటలు మానేశాను. పళ్ళెం దాని ముందు పెట్టి తిరిగి చూడకుండా వచ్చేసేదాన్ని. నా దగ్గరున్నదే ఆ ఒక్కటి, దాన్ని కూడా తీసుకెళ్ళి నలుగురిలో పెట్టి చప్పట్లు కొట్టించుకుందని ఉడికిపోయాను.

అలా అనుకున్నానే గానీ, నేనేం తక్కువ తిన్నాను? రాణి వేషంలో నేను ఏడ్చింది మా మేనత్త ఏడుపు. మామయ్య పోయినప్పుడు ఆవిడ ఎలా రొమ్ము బాదుకుందో చూసి, నెల తిరక్కుండా స్టేజీ ఎక్కించాను. ఆవిడ ముందు వరసలో కూర్చుని చూసింది. చూసి, ఇంటికెళ్ళి అన్నం వండి మాకే పెట్టింది. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

నాలుగో రోజు రెండో ఆట. రిహార్సల్ ఉందని మధ్యాహ్నమే కొండెక్కాం. మంచు కమ్మేసి చెట్లు కనపడటం లేదు. పిట్టగోడ మీద కోతులు వరసగా కూర్చుని, మా చేతుల్లో రొట్టెలున్నాయేమోనని చూస్తున్నాయి. పిల్ల నా దగ్గరకొచ్చి తల దించుకుంది.

"నీకు కోపం వచ్చింది, ఖాలా. అది తీసేస్తాను. ఎలాగూ పై మెట్ల వాళ్ళకి ఏమీ వినపడలేదట. నా వీపు ఊగడమే కనిపించిందట."

ఆ మాటతో నాలో డ్రామా కంపెనీ మనిషి లేచింది. "ఎందుకు వినపడుతుంది? గుడ్డ నోట్లో పెట్టుకునేది వంటింట్లో. స్టేజీ మీద తీసి పారెయ్యాలి. తలెత్తాలి."

"తీసేసి ఎలా ఏడవాలి?"

వేదిక ఎక్కాను. రాణి ఏడుపు ఉంది కదా, పద్యంలోకి తీసుకెళ్ళే ఆ రాగం చూపిద్దామనుకున్నాను. తలగుడ్డ విప్పి కింద పడేశాను. నోరు తెరిచాను. రాగం రాలేదు.

"అక్కా," అని వచ్చింది. "నన్ను పిలవకుండా పోయావేంటే అక్కా. నీ మొహం చూడనివ్వలేదేంటే. నాతో చెప్పకుండా ఎప్పుడైనా ఊరెళ్ళావటే నువ్వు…"

చెక్కల మీద కూలబడ్డాను. రెండు చేతులతో బాదుకుంటూ ఏడ్చాను. ఎంతసేపో తెలీదు. మేకులు కొడుతున్న కుర్రాళ్ళు సుత్తులు దించేశారు. బండి దగ్గరున్న డ్రైవరు మంచులోంచి పరిగెత్తుకుంటూ వచ్చాడు.

"ఎవడన్నా ఏమన్న అన్నడా అక్కా? ఏమాయె? చెప్పు."

"మా అక్క చచ్చిపోయింది తమ్ముడూ."

"ఎప్పుడు?"

"రెండేళ్ళయింది."

అతను నా పక్కనే చెక్కల మీద కూర్చుండిపోయాడు. పిల్ల కనపడలేదు. భయపడి ఎటో పోయిందనుకున్నాను.

సాయంత్రం ఆటలో నేను తెర పక్కన నిలబడ్డాను. నా కోపమంతా ఏడుపుతో పోయింది. ఇప్పుడు దానికి ఎలా ఏడవాలో తెలుసు, పై మెట్టు దాకా మోగించేస్తుందని చూస్తున్నాను. ఘట్టం వచ్చింది. పిల్ల బావి ముందు కూర్చుంది. గుడ్డ తీసి ఒళ్ళో పెట్టుకుంది. అంతే. ఏడవలేదు. కళ్ళలో నీళ్ళు కూడా లేవు. మెట్ల మీద జనం కదిలారు, ఎవరో దగ్గారు. పంతులు నా పక్కన నిలబడి తల పట్టుకున్నాడు. ఆ రాత్రి ఎవరూ లేచి నిలబడలేదు.

బండెక్కగానే కడిగేశాను. "నా బతుకంతా విప్పి చూపించాను కదే నీకు. తీసెయ్యమని అన్నానా నేను? ఒక్కసారి నోరు తెరిస్తే నీ సొమ్మేం పోయింది?"

పిల్ల కిటికీలోంచి బయటకి చూస్తూ చెప్పింది.

"నువ్వు ఏడుస్తుంటే నాకు భయమేసింది, ఖాలా. వెనక్కి వెళ్ళి జెడ్డాలో ఉన్న మా అక్కకి ఫోన్ చేశాను."

ఆనాడు పెళ్ళయి వెళ్ళింది ఆ అక్కే.

"ఊఁ. చేస్తే?"

"ఎత్తింది. ఏం తిన్నావని అడిగింది. ఇక నాకు ఏడుపు రాలేదు."

ఫోన్ చేస్తే ఎత్తే అక్క ఉంటే ఎవరైనా ఎందుకేడుస్తారు?