కాస్త వేగంగా తిరిగిన గొంతు

మనిషి పోయాక, ఆ మనిషిది కాని గొంతును ప్రేమిస్తే అది ఆ మనిషిని ప్రేమించడమే అవుతుందా? ఈ వయసుకీ నాకు జవాబు దొరకలేదు.

మా బావ కుట్టుమిషన్లు బాగుచేసేవాడు. చేతికి ఎప్పుడూ నూనె, నాలుకకు ఎప్పుడూ కారం. మా అక్క ఏదైనా చెప్పబోతే, "ముందు విషయం చెప్పు, రాగం తర్వాత తీద్దువుగాని" అనేవాడు. పెళ్లికి ముందు అక్క పాడిన పాట ఒకటి రికార్డుగా వచ్చింది. ఆమె బతికున్నన్నాళ్లూ అది బీరువా మీద దుమ్ము కొట్టుకుపోయింది. ఆమె పోయాకే బావ దాన్ని కిందికి దించాడు. ఎక్కడో ఒక పాత ప్లేయరు సంపాదించి, సాయంత్రం కొట్టు కట్టెయ్యగానే దాని ముందు కూర్చునేవాడు.

కొన్నాళ్లకు ఆ ప్లేయరులో రబ్బరు పట్టీ వదులైంది. కుట్టుమిషన్లకు చేసే వైద్యమే దీనికీ చేశాడు. మోటారు కప్పీకి టేపు చుట్టాడు. పట్టీ బిగిసింది గానీ, రికార్డు ఉండాల్సిన దానికన్నా వేగంగా తిరగసాగింది. అక్క గొంతు సన్నబడి, గలగలలాడే చిన్నపిల్ల గొంతైపోయింది. నేను చెప్పబోతే, "పుస్తకాల పురుగువి, మిషన్ల సంగతి నీకెందుకోయ్" అని నోరు మూయించాడు.

చివరికి ఆ మోటారు కాలిపోయింది. కొత్తది కొనడానికి నన్ను వెంటబెట్టుకుని, రికార్డు సంచిలో వేసుకుని బయల్దేరాడు.

దుకాణదారు రెండు ప్లేయర్లు చూపించాడు. "హాయిగా పాట వినాలంటే ఈ చెక్కది తీసుకోండి. ఆ రెండోదానికి వేగం మార్చే మీట ఉంటుంది. డాన్సు పార్టీల వాళ్లు కొంటారు. ఇంట్లో దాంతో ఏం పని?"

చెక్కదాని మీద రికార్డు పెట్టాడు. గది నిండా అక్క. బరువైన, లోతైన గొంతు. చరణం చివర ఊపిరి తీసుకోవడం కూడా వినపడింది. నాకు కళ్లు చెమర్చాయి.

"ఎవరిదయ్యా ఈ మగగొంతు?" అన్నాడు బావ.

"మీరు తెచ్చిన రికార్డేనండీ."

"అయితే మీ మిషన్ పాడైంది. మా ఆవిడ గొంతు కాదిది."

"అక్కదే, బావా," అన్నాను. "నీ ప్లేయరే ఇన్నాళ్లూ పరుగెత్తింది. టేపు చుట్టావుగా."

"ముప్పై ఏళ్లు కాపురం చేసినవాణ్ణి. నాకు తెలీదట్రా?"

"కాపురం చేశావు. ఒక్క మాటైనా పూర్తిగా చెప్పనిచ్చావా?"

దుకాణదారు గుడ్డ అందుకుని, శుభ్రంగానే ఉన్న అద్దాన్ని తుడవసాగాడు.

బావ తల వంచుకుని పాట చివరిదాకా విన్నాడు. తల ఎత్తినప్పుడు అతని ముఖంలో భయం చూశాను. ఆ గొంతు పాట ఆపి తనను ఏదో నిలదీస్తుందన్నంత భయం.

"రెండోదాని మీద వెయ్యండి," అన్నాడు.

మీట తనే పట్టుకుని కొంచెం కొంచెంగా జరిపాడు. అక్క గొంతు సన్నబడింది. దిగులు పోయింది. ఊపిరి చప్పుడు ఎక్కడో కలిసిపోయింది.

"ఆఁ, ఇదీ మా ఆవిడంటే! ఇదే ఇవ్వండి."

"నా మాట వినండి సార్, హాయిగా ఉండాలంటే..."

"నా హాయి నాకు తెలుసు లేవయ్యా. ప్యాక్ చెయ్యి."

అట్టపెట్టెను రెండు చేతులా ఎత్తుకుని, మోకాలితో తలుపు నెట్టాడు. "ఇలా ఇవ్వు బావా, నేను పట్టుకుంటాను," అన్నాను. నా వైపు చూడలేదు. వస్తానన్న మాటైనా లేకుండా వీధిలోకి దిగి వెళ్లిపోయాడు.