అడుగు లేని బుట్ట

"...దులపనంటే దులపను! నా కాళ్ళు, నా మట్టి!"

"కాళ్ళు నీవే తల్లీ, కాదన్నదెవరు? మట్టి మాత్రం ఆ మలుపు దగ్గరిది. నల్లగా నిగనిగలాడుతోంది. చూస్తూ చూస్తూ దాన్ని తీసుకెళ్ళి చాప మీద పోస్తావా?"

"పోస్తాను. చాప కూడా నాదే!"

"అయ్యో పాపం," అన్నాడు బిరిబో తాత. జాలి రుయేతా మీద కాదు, మట్టి మీద.

ఎదురుపడిన ప్రతివాళ్ళనీ తన గుంట గట్టు మీద నిలబెట్టి కాళ్ళు దులిపించుకోవడం, ఇదొక్కటే బిరిబో తాతకున్న జబ్బు. ఆ దీవిలో ఎక్కడ తవ్వినా తెల్ల ఇసుకే. గుప్పెడు నల్లమట్టి తయారవాలంటే ఏళ్ళ తరబడి ఆకు కుళ్ళాలి. ఆ మట్టి పోస్తేనే గుంటలో బాబాయి పెరుగుతుంది. బాబాయి అంటే అక్కడ నాన్న తమ్ముడు కాదు, దుంప. మర్యాద మాత్రం నాన్న తమ్ముడికంటే ఎక్కువే.

కొత్త పాస్టరుగారు పడవ దిగి చెయ్యి చాచినప్పుడు తాత ఆ చేతిని చూడనేలేదు.

"చెయ్యి తర్వాత. ముందు కాళ్ళు. ఏ దీవి మీది?"

పాస్టరుగారు బిత్తరపోయి చెప్పారు.

"మంచి మట్టి. దులపండి. దేవుడు మిమ్మల్ని ఊరికే పంపలేదు."

కొబ్బరిచెట్టు మీంచి పడి తన కాలు విరిగినప్పుడూ అంతే. నర్సమ్మ పరుగెత్తుకొచ్చింది. "ఆగమ్మా, అక్కడే ఆగు," అన్నాడు మూలుగుతూ. "అటు గట్టు మీదుగా రా. దులుపుకుని రా."

మట్టి తర్వాత ఆయనకు ప్రాణం తుప్పు. ఆకులు పసుపెక్కితే తుప్పే మందు. తుప్పు పట్టిన చేపల డబ్బా కనిపిస్తే దారిలో బంధువు కలిసినంత సంబరపడేవాడు. అసలు బంధువు కలిస్తే మాత్రం కాళ్ళవైపు చూసేవాడు.

ఆదివారం చర్చిలో మూడో పాట మొదలయ్యాకగానీ తాత రాడు. మోకాళ్ళ దాకా బురదతో వచ్చి చివరి వరసలో కూర్చుంటాడు.

"దేవుడు అన్నీ చూస్తుంటాడు తాతా," అన్నారు ఒకసారి పాస్టరుగారు.

"చూడనివ్వండి బాబూ. ఎవరికీ చెప్పకపోతే చాలు."

ఆ చెప్పకూడనిదేదో తనకు తెలిసిపోయిందనుకుంది రుయేతా.

ఆమె గుంట తాత గుంట పక్కనే. మూడేళ్ళ కిందట సముద్రం పొంగి ఉప్పునీళ్ళు గుంటలోకి దిగాయి. రెండు మొక్కలు తప్ప అన్నీ పోయాయి. ఏ ఆకు ఎన్నాళ్ళు ఎండబెట్టి ఎప్పుడు వేయాలన్నది ఆ దీవిలో ఇంటింటి రహస్యం, పెళ్ళానికి కూడా చెప్పరు. రుయేతా మొగుడు తన రహస్యాన్ని వెంటబెట్టుకుని అంతకు ముందే పోయాడు. పోనీ పక్కవాళ్ళనడుగుదామంటే నామోషీ. అడగకుండా ఒకరి గుంటలో ఇంకొకరు చెయ్యి పెట్టడమంటే, నీకు చేతకాదని మొహం మీద చెప్పినట్టే.

చావిడికి కొత్త కప్పు వేస్తున్నారు. ఆ విందులో ప్రతి ఇల్లూ తను పెంచిన దుంపను చావిడిలో తనకున్న చోట పెట్టాలి. లేకపోతే ఆ చోటు వదిలి వెనక వరసలోకి జరగాలి. మొగుడు కూర్చున్న చోటు వదలడం రుయేతాకు చచ్చినా ఇష్టం లేదు.

ఈలోగా ప్రతి ఆదివారం ఆమె గుంట చుట్టూ పాదాల గుర్తులు. ఒకరోజు మొక్క పక్కనే సగం మట్టితో ఓ మొగలి ఆకుల బుట్ట దొరికింది. అల్లిక చూడగానే తెలిసింది, అది బిరిబో తాతది.

బుట్టను అలాగే చాప మీదికి జరిపి, చాపను చావిడి దాకా ఈడ్చుకొచ్చి పెద్దల ముందు నిలబడింది.

"ఊరందరి కాళ్ళూ దులిపించినా ఈయనకి చాల్లేదు. నా గుంటే దొరికింది! ఇదిగో, దొంగబుట్ట!" అంటూ విసురుగా పైకెత్తింది.

బుట్ట లేచింది. మట్టి లేవలేదు. చాప మీద కుప్పగా అలాగే కూర్చుంది. కుప్ప నడుమ తుప్పు పట్టిన చేపల డబ్బా.

పెద్దాయన కరోటు బుట్ట అందుకుని, పైనుంచి చెయ్యి దూర్చి, కిందనుంచి వేళ్ళు ఆడించాడు.

"దీనికి అడుగేదమ్మా? మట్టి ఎత్తుకెళ్ళే బుట్టా ఇది?"

మొక్క చుట్టూ పెట్టి ఎరువు పోసే బుట్ట అది. రుయేతాకు తెలియని సంగతేం కాదు. కోపంలో తిరగేసి చూడలేదు, అంతే.

పాస్టరుగారు వంగి కుప్పలోంచి చిటికెడు మట్టి తీశారు. "ఇది మా దీవి మట్టిలా ఉందే!"

అందరూ తాత వైపు తిరిగారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఒప్పుకుంటే ఆ దుంప రుయేతాది కాకుండా పోతుంది. చోటూ పోతుంది.

"గాలికి కొట్టుకొచ్చుంటుంది," అన్నాడు.

"మట్టా?"

"బుట్ట కూడా."

"మరి డబ్బానో?"

"పెద్ద గాలి."

కరోటు మీసం కింద నవ్వు దాచుకున్నాడు. "గాలికి మన కట్టుబాట్లు వర్తించవు. దుంప రుయేతాదే. చోటూ రుయేతాదే."

 రుయేతా చాప మీదికి నడిచి, ఆ నల్ల కుప్ప మీద ముందు కుడికాలు దులిపింది, తర్వాత ఎడమకాలు.

"మెల్లగా తల్లీ," అన్నాడు తాత. "వేళ్ళ సందులో ఇంకా ఉంది."

అది కూడా దులిపి, పాస్టరుగారి వైపు తిరిగింది.

"అయ్యగారూ, వచ్చే ఆదివారం నుంచి మూడో పాట దాకా నేనూ రాను. గుంట దగ్గర ఆ గాలికి తోడుంటాను."