పేరు లేని ట్యాంకరు

మా బావ సుగిమాన్‌కి ఒక్కటే జబ్బు. ప్రకటన అనే మాట చెవిన పడితే చాలు, ఒళ్ళు మండిపోతుంది. ఊళ్ళోవాళ్ళ ప్రకటనలంటే అనుకునేరు. తన వ్యాపారానికి తను వేసుకోవాల్సిన ప్రకటనంటేనే ఆయనకు మంట.

వ్యాపారం ఏమిటంటే, మా సెమరాంగ్ పట్నంలో ఇళ్ళకు వెళ్ళి సెప్టిక్ ట్యాంకులు ఖాళీ చేయడం. మా ఊళ్ళో ఏ కరెంటు స్తంభం చూసినా ఈ పనివాళ్ళ స్టిక్కర్లే. స్తంభం అసలు రంగేమిటో ఇక్కడే పుట్టిపెరిగిన నాకే తెలీదు. వాటి మీద లేనిది మా బావ పేరొక్కటే. పైగా మా ట్యాంకరుకు నీలం రంగు వేయించి, ఒక్క అక్షరం రాయనివ్వలేదు. మంచినీళ్ళ బండి అనుకుని జనం బకెట్లు పట్టుకుని పరిగెత్తుకొచ్చేవాళ్ళు. వాళ్ళని ఆపడమే నా ఉద్యోగం.

నేను చెప్పి చూడని మార్గం లేదు. స్టిక్కర్లు అచ్చువేయించి వీధంతా అంటిస్తే, నీళ్ళ డబ్బా, గరిట పట్టుకుని వెళ్ళి అన్నీ గీకి పారేశాడు. పేటలో బ్యాడ్మింటన్ జట్టుకి చొక్కాలు కుట్టించి వీపు మీద మన నంబరు వేయిద్దామన్నాను. ఆడుకునేవాళ్ళు ఏం పాపం చేశారన్నాడు. ఫోన్ గ్రూపుల్లో పెడతానంటే నా ఫోనే లాక్కున్నాడు. చివరికి బండి వెనకాల చీమ తలకాయంత అక్షరాలు రాయిద్దామని బతిమాలాను.

"నువ్వు చీమ తలకాయంత రాస్తావు, జనం ఏనుగంత చదువుతారు," అన్నాడు.

ఇంతలో ఎర్ర బండితో ఇంకో కంపెనీ దిగింది. బండికి నాలుగు పక్కలా పేరు, పైన మైకు. మా గిరాకీ అంతా అటు పోయింది. ఇలాగైతే ఉపవాసాల నెల వచ్చేలోపు బండిని పాత ఇనుము వాళ్ళకు అమ్మేయడమేనని మా అక్క తేల్చి చెప్పేసింది. బండి పోతే మా ముగ్గురికీ వేరే పని రాదు. అయినా మా బావ కదల్లేదు. ఇలాంటి మనిషిని ఏమనాలి?

అప్పుడొచ్చింది బు పోనియెం అనే పెద్దావిడ ఇంట్లో పెళ్ళి. మా దగ్గర పెళ్ళంటే చుట్టుపక్కల ఆడవాళ్ళంతా ముందే వచ్చి వంటల్లో చెయ్యేస్తారు. అంతమందీ రోజుల తరబడి ఆ ఇంట్లో ఉన్న ఒక్క మరుగుదొడ్డినే వాడారు. పెళ్ళినాడు, మగపెళ్ళివారు వాళ్ళింటి నుంచి బయల్దేరాక, ట్యాంకు పొంగింది.

ఆవిడ ముందు ఎర్ర బండికే ఫోన్ చేసిందట. మైకు ఆపి రమ్మంటే కంపెనీ పద్ధతి కాదన్నారట. అప్పుడు మేం గుర్తొచ్చాం.

మా బావ శుభకార్యాలకు వేసుకునే బాతిక్ అద్దకం చొక్కా వేసుకున్నాడు. దారిలో లేత కొబ్బరాకుల తోరణం కొని ట్యాంకరు ముందు కట్టాడు. పెళ్ళి బండి అనుకుని ట్రాఫిక్ పోలీసు కూడా దారిచ్చాడు. బండిని ఇంటి వెనక సందులో పెట్టి, అరటిచెట్ల చాటున పైపు లాగాం. బావ వెళ్ళి వాద్యాలవాళ్ళని జోరు పెంచమని చెప్పి, వచ్చి మోటారు వేశాడు. మగపెళ్ళివారు దిగేసరికి పని పూర్తయింది. పెళ్ళికొడుకు మేనమామ మా బండిని చూసి, నీళ్ళకు కూడా ఇంత ఏర్పాటు చేశారా అని తెగ మెచ్చుకున్నాడు. బు పోనియెం వినయంగా తలూపింది.

తిరిగి వస్తూ అడిగేశాను. "ఇప్పుడైనా చెప్పు బావా. పేరు రాస్తే నీకొచ్చే నష్టమేంటి?"

"అది మన బోర్డనుకుంటున్నావురా నువ్వు. బండి ఎవరి గుమ్మం ముందు ఆగితే ఆ బోర్డు వాళ్ళది. మా పెళ్ళినాడు అలాంటి బండే మీ నాన్న గుమ్మం ముందు ఆగింది. ఇంతింత అక్షరాలు. మీ అక్క ఆ రోజంతా తలెత్తలేదు."



బు పోనియెం నలుగురిలో మా గురించి ఓ మంచి మాట చెబుతుందని ఆశపడ్డాను. చెప్పకపోగా, మర్నాడు బజార్లో మేమెవరో తెలీనట్టు మొహం తిప్పుకుంది. మండిపడుతూ ఇంటికొచ్చేసరికి ఫోన్ మోగుతోంది. ఎవరో ఆవిడ, గొంతు బాగా తగ్గించి మాట్లాడింది.

"మా ఇంటికి కాదండీ, మా బంధువులకి. ఆ తోరణం బండి మీదేనా?"

ఆ తర్వాత అన్నీ అలాంటి ఫోన్లే. అందరూ బంధువులకేనంటారు, అడ్రసు మాత్రం తమదే ఇస్తారు. తోరణం సంగతి ఊరంతా తెలుసు, ఎవరూ తెలిసినట్టు కనబడరు. ఉపవాసాల నెల వచ్చింది, బండి మా వాకిట్లోనే ఉంది. తోరణం వాడిపోయినప్పుడల్లా మా అక్కే కొత్తది కడుతుంది. అది ప్రకటన కాదా అని నిలదీస్తే, కాదు, అలంకారం అంటాడు మా బావ.

నా కోపం మాత్రం తగ్గలేదు. మిగిలిన స్టిక్కర్లన్నీ మా మరుగుదొడ్డి తలుపుకి లోపలివైపు అంటించాను. అక్కడ ఆయనకేం అభ్యంతరం లేదట. అంత మంచి ప్రకటనని రోజూ పొద్దున్నే నేనొక్కణ్ణే కూర్చుని చదువుకుంటున్నాను.