ముసురు పట్టాక మంచె ఎటు వేయాలి

2022లో నేను ఉదయగిరి రేంజ్‌లో ఫారెస్ట్ బీట్ ఆఫీసర్‌ని. బీట్ అంటే ఒక మనిషి కాలినడకన తిరిగి కాపాడవలసిన అడవి ముక్క. ఉద్యోగంలో చేరేటప్పుడు చిరుతలూ, ఎర్రచందనం దొంగలూ అని ఏవేవో ఊహించుకున్నాను. వచ్చాక తెలిసింది, నా పనిలో సగం అడవిపందులతోనే అని. దుత్తలూరు వైపు కొండవార పల్లెల్లో వేరుశనగ కాయ ఊరిందంటే చాలు, రైతులు మా ఆఫీసు ముందు నిలబడేవారు.

ఆ కార్తీకంలో వచ్చినవాడు మస్తాన్. కొండ కిందే రెండెకరాల చేను. పంట పీకుడుకు వచ్చింది, కానీ పందులు రోజుకో మూల తవ్విపోస్తున్నాయి. ఏడాదంతా అతనికీ భార్య హుస్సేన్‌బీకీ ఆ చేనే ఆధారం. వారం రోజులుగా అతను రాత్రంతా డబ్బా కొడుతూ కావలి కాసి, తెల్లవారాక పడి నిద్రపోతున్నాడు.

ఇలాంటప్పుడు మా పద్ధతి ఒకటుంది. నష్టం చూసి పై ఆఫీసర్ పర్మిట్ ఇస్తే, లైసెన్సు తుపాకీ ఉన్న షూటర్ వస్తాడు. పక్కనే ఉండి పంచనామా, అంటే జరిగినది జరిగినట్టు కాగితం మీద రాయడం, నా పని. మస్తాన్‌కు వచ్చిన పర్మిట్ మూడు రోజులకే. పిల్లలున్న తల్లిపందిని కాల్చకూడదన్నది అందులో మొదటి షరతు.

షూటర్ ఆత్మకూరు నుంచి వచ్చిన పెంచలరెడ్డి గారు. డెబ్బైకి దగ్గరపడిన మనిషి. పందుల గురించి తనకు తెలియనిది లేదని ఆయన నమ్మకం. అది చాలావరకు నిజమే. పందికి చెమట పట్టదనీ, ఎండ ముదిరితే బురదలో పొర్లక తప్పదనీ, కాబట్టి దాన్ని వెతుక్కుంటూ తిరగకుండా నీటిగుంట దగ్గర కూర్చోవాలనీ నాకు నేర్పింది ఆయనే. మంచె ఎప్పుడూ చేనికి తూర్పునే వేయిస్తారు. పందులు దిగేది పడమటి కొండ నుంచి, గాలి వీచేదీ అటునుంచే. మన వాసన వాటికి తగలదు.

మేము వెళ్ళేసరికి అల్పపీడనం పట్టి ఆకాశం కిందికి దిగింది. ముసురు. మొదటి సాయంత్రం గుంట దగ్గర కూర్చున్నాం. పంది కాదు కదా, దాని అడుగు కూడా లేదు. ఎక్కడ చూసినా నీళ్ళే ఉన్నప్పుడు ఆ ఒక్క గుంటకు రావలసిన కర్మ దానికేమిటి? ఆ మాట మాకు తర్వాత తట్టింది. రెండో సాయంత్రం మంచె ఎక్కుదామని వెళ్తే, అప్పటికే ఇంకో మూల తవ్వి ఉంది. మట్టి ఇంకా తాజాగా ఉంది. అయినా ఎక్కి కూర్చున్నాం.

పందులు పగలు పది గంటలకే వస్తున్నాయని హుస్సేన్‌బీ రెండుసార్లు చెప్పింది. పెంచలరెడ్డి గారు నవ్వేశారు. నేనూ ఆడదాన్నే, అయినా ఆమె మాట చెవిన పెట్టలేదు. దానికి ఇప్పటికీ సిగ్గుపడుతుంటాను.

ఆ సాయంత్రం వాన పెద్దదైతే మంచె దిగి, మస్తాన్ వెంట అతని మోటారు షెడ్డులో తలదాచుకున్నాను. మూలన గోనెపట్టా కింద కొత్త ఇనుప తీగ చుట్ట కనిపించింది. ఆ తీగ ఎందుకో కొండవార ఎవరికీ చెప్పక్కర్లేదు. మోటారు కరెంటు దానికి తగిలించి చేను చుట్టూ కడతారు. తడి నేల మీద అది పందినీ మనిషినీ వేరు చేసి చూడదు. అలా పోయిన ఒక గొర్రెలకాపరి పంచనామా నా చేత్తోనే రాశాను.

"ఇదేంది మస్తాన్?" అన్నాను.

అతను దాచలేదు. "రేపటితో మీ పర్మిట్ అయిపోతాది మేడమ్. మీరు పోతారు, పందులు పోవు. నిండా మునిగినోడికి చలేంది?"

రూలు ప్రకారం ఆ తీగ అక్కడే పట్టుకోవాలి. కోపం వచ్చింది. కానీ నిద్రలేక చింతనిప్పుల్లా ఉన్న అతని కళ్ళు చూసి కోపం నిలవలేదు. రేపు సాయంత్రం దాకా దాన్ని ముట్టనని మాట తీసుకున్నాను.

బయటికి వస్తుంటే హుస్సేన్‌బీ అడ్డం నిలబడింది. "ఒక్క పూట నా మాట వినండి మేడమ్. ముసురుకు పగలు కూడా చల్లగా ఉండాది. మనుషులంతా ఇండ్లలో ముడుక్కోనుండారు. ఇంక పందికి రాత్రేంది, పగలేంది?"

మూడో రోజు పొద్దున ఎనిమిదికే వెళ్ళాం. గాలి చూడటానికి పెంచలరెడ్డి గారు ఎప్పుడూ చిటికెడు బూడిద ఎగరేస్తారు. ఆ రోజు బూడిద తడిసి ముద్దయింది. హుస్సేన్‌బీ తన పైట అంచు నుంచి ఒక పోగు లాగి వేలికి కట్టి పట్టుకుంది. పోగు నేరుగా కొండవైపు తిరిగింది. అల్పపీడనానికి గాలి మారి తూర్పు నుంచి వీస్తోంది. నిన్న సాయంత్రం మంచె మీద కూర్చుని మా వాసన మేమే కొండకు పంపించాం.

పెద్దాయన బూడిద చెయ్యి పంచెకు తుడుచుకున్నారు. తర్వాత, "నీకు తెలిసినంత నాకు తెలవలేదమ్మా," అని ఆమె చూపించిన చోటికి, దక్షిణం పక్క ఈతపొదల వెనక్కి నడిచారు.

పదికి కాస్త ముందు సన్నటి చినుకులో అవి దిగాయి. ముందు తల్లి, వెనక ఒంటిమీద చారలతో పిల్లలు, అరడజనుకు తక్కువ లేవు. తల్లి ముట్టెతో మట్టి తిరగేస్తుంటే పిల్లలు ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. నేను చెప్పకముందే పెంచలరెడ్డి గారు తుపాకీ దించేశారు. మస్తాన్ అలాగే చూస్తూ, "ఇన్ని పిల్లలుండాయా," అన్నాడు. నాకు ఏడుపొచ్చింది, పిల్లల్ని చూసీ, అతన్ని చూసీ. అతనే లేచి చప్పట్లు కొట్టి వాటిని తోలేశాడు. పర్మిట్ అక్కడితో అయిపోయినట్టే.

అప్పుడు హుస్సేన్‌బీ చేలోకి వెళ్ళి రెండు వేళ్ళతో ఒక మొక్క లాగింది. ఒక్క కాయ కూడా నేలలో మిగలకుండా గుత్తి మొత్తం వచ్చింది.

"నేల మెత్తబడిందని పందికి తెలిసింది. మనకు తెలవలా?"

ముసురులో వేరుశనగ ఎవరూ పీకరు, కాయ బూజు పడుతుందని. మస్తాన్ కూడా వాన వెలిసేదాకా ఆగాడు. ఆ ఆగడమే పందులకు విందయింది. ఆమె వాదన సూటిగా ఉంది: బూజు పడితే కొంతే పోతుంది, చేలో ఉంటే అంతా పోతుంది. ఊళ్ళోకి కబురు పెడితే ఇండ్లలో ముడుక్కున్న వాళ్ళంతా గోనెపట్టాలు కప్పుకుని వచ్చారు. పెంచలరెడ్డి గారు తుపాకీ జీపులో పెట్టి పంచె ఎగగట్టారు. నేను పంచనామాలో 'కాల్పులు జరగలేదు' అని రాసి, యూనిఫాం ప్యాంటు మోకాళ్ళదాకా మడిచాను. పొద్దు వాలేసరికి ఒక మూల తప్ప చేను ఖాళీ అయింది.

వాన మారితే పందికి వేళ మారుతుంది, దారి మారుతుంది, మనిషి కూర్చునే చోటూ మారాలి. పెంచలరెడ్డి గారు నేర్పింది తప్పు కాదు, అది ఎండాకాలపు పాఠం. ఆ తర్వాత ఏ చేనికి వెళ్ళినా గాలి ఎటుందో చూసి, పగలు ఆ చేలో ఉండే ఆడమనిషిని అడిగాకే మిగతావాళ్ళను అడుగుతున్నాను.

మర్నాడు ఆ తీగ స్వాధీనం చేసుకుందామని మోటారు షెడ్డుకు వెళ్ళాను. తీగ చుట్ట మూలన లేదు. ఈ గోడ నుంచి ఆ గోడకు నాలుగు వరసలుగా లాగి కట్టి ఉంది. దాని మీద వేరుశనగ కట్టలు తలకిందులుగా వేలాడుతూ ఆరుతున్నాయి. తీగ తీసుకుపోదామని వెళ్ళినదాన్ని, హుస్సేన్‌బీ నా జేబులో పోసిన పచ్చికాయలు తింటూ వెనక్కి వచ్చేశాను.