పక్కకి జరగని లోర్నా

మా ఊళ్ళో మగవాళ్ళు పొద్దున్నే రైలెక్కి న్యూయార్కు పోతారు. సాయంత్రం ఆరుంపావు రైలుకి ఆడవాళ్ళం కార్లేసుకుని స్టేషనుకి వెళ్తాం. మొగుడు దిగి తలుపు తియ్యగానే స్టీరింగు వదిలి పక్క సీట్లోకి జరగాలి. ఆయన ఎక్కి, బుగ్గమీద ఓ ముద్దు పడేసి, ఇంటికి నడుపుతాడు. పొద్దంతా మేం తిప్పిన కారే, ఆయనగారు రాగానే మాకు నడపడం రాదన్నమాట!

లోర్నా హాస్కెల్ మా పక్కింటావిడ. ఒహాయోలో పంతులమ్మగా ఉండేది. వెండెల్‌ని చేసుకుని ఆ ఉద్యోగం మానేసింది. ఇద్దరు పిల్లల్ని కని, పదమూడేళ్ళు ఆ స్టేషనుకి తిరిగింది. నలభై రెండు నిండగానే అతగాడికి దిగులు పట్టుకుంది. బీమా ఆఫీసులో బతుకు బుగ్గిపాలవుతోందట, లోపల చిత్రకారుడు చచ్చిపోతున్నాడట. ఈ పిచ్చిది నమ్మింది. గారేజీ ఖాళీ చేసి రంగులు కొనిపెట్టింది. ఆయన గీస్తున్నాడని పిల్లల్ని గట్టిగా నవ్వనిచ్చేది కాదు. రెండేళ్ళలో ఆ మహానుభావుడు గీసింది ఒక్క పడవ, అదీ సగం!

మిగతా తీరిక ఎక్కడ తగలేశాడో మార్చిలో తెలిసింది. ఆ రోజు వాన. వెండెల్ పేపరు నెత్తిన పెట్టుకుని దిగి, నేరుగా వెళ్ళి, మాతో పేకాటకి వచ్చే వెర్నా ప్రూయిట్ కారు తలుపు తీశాడు. ప్రూయిట్ వాళ్ళ కారు ఎరుపు, లోర్నాది నీలం. వెర్నా అలవాటుగా పక్కకి జరిగింది. అతను అలవాటుగా ముద్దు పెట్టాడు, బుగ్గమీద కాదు. మంగళవారాలు మీటింగుందని లోర్నాకి చెప్పి, ముందు రైలుకే వచ్చి, మా ఊరికి ఒక స్టేషను ఇవతలే దిగి వెర్నా కారెక్కేవాడట. ఆ రోజు గురువారం, దిగింది మా స్టేషను. ఆ సంగతే మరిచిపోయాడు, దరిద్రుడు.

వెనకే వచ్చిన ఆమె మొగుడు క్లిఫర్డ్ వానలో నిలబడి, "వెండెల్, అది నా సీటు" అన్నాడు.

వెండెల్ లోర్నా కారు దగ్గరికి పరిగెత్తాడు. "పొరపాటున ఎక్కానే! వానలో ఏం కనబడింది గనక? జరుగు, తడిసిపోతున్నాను."

అప్పుడు ఆమె జరిగితే అంతా సర్దుకుపోతుందని మాకందరికీ తెలుసు. ఇల్లు, పరువు, పిల్లలకి తండ్రి, అన్నీ దక్కుతాయి.

"వెర్నా జరిగిందిగా" అంది లోర్నా.

"అందరూ చూస్తున్నారే!"

"చూడనీ. నేనూ చూశాను."

అద్దం ఎత్తేసి, తనే నడుపుకుంటూ వెళ్ళిపోయింది. వేసవి దాటకుండానే పిల్లల్ని తీసుకుని ఒహాయో చేరి, మళ్ళీ పాఠాలు చెప్పుకుంటోంది.

మా ఊరు చూడండి! "పాపం, రెండు మైళ్ళు తడుస్తూ నడిచాడు" అని వెండెల్‌కి వేడివేడి సూపులు కాచి మోశారు. వెర్నా ఇప్పటికీ పేకాటకి వస్తోంది, సిగ్గులేని మనిషి. లోర్నాదే తప్పట, పొగరట. కాస్త జరిగితే ఆమె సొమ్మేం పోయిందట! వింటుంటే ఒళ్ళు మండిపోతుంది నాకు.

ఆ సాయంత్రం నీలం కారు మలుపు తిరుగుతుండగా మా ఆయన వచ్చి నా తలుపు తీశాడు. "ఏం చూస్తున్నావు? జరుగు" అన్నాడు.

జరిగాను.