ఏడో నెల దీపాలు

ఈమధ్య పన్ను నొప్పి భరించలేక కాకినాడలో ఓ డెంటల్ క్లినిక్‌కి వెళ్ళాను. అద్దాల తలుపులు, ఏసీ, గోడ మీద పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్న అమ్మాయి ఫొటో. నా వంతు కోసం కూచుని ఉంటే, లోపల ఎవరో పెద్దాయనకి కట్టుడు పళ్ళ కొలత తీస్తున్నట్టున్నారు, మంట మీద మెత్తబడే గులాబి రంగు మైనం వాసన గుప్పుమంది. నా నొప్పి సంగతి నేనే మర్చిపోయాను. చిన్నప్పటి కబుర్లు రాసేవాళ్ళకి అరిసెల పాకం వాసనో, కొత్తావకాయ వాసనో గుర్తొస్తుంది కదా, నాకు మాత్రం పండగంటే పళ్ళ సెట్ల మైనం వాసన. నవ్వితే నవ్వండి, నేనేం చెయ్యను.

మా తాతయ్య చైనావాడు. హూబే అని అక్కడొక ప్రాంతం, మనలాగే ఏరులూ వరిచేలూ ఉన్న చోటట. కరువొచ్చి, బతకడానికి ఓడెక్కి కలకత్తాలో దిగి, అక్కణ్ణుంచి రైల్లో ఊరూరూ తిరిగి, చివరికి రాజమండ్రిలో పళ్ళు కట్టే దుకాణం పెట్టాడు. పళ్ళు కట్టడం వాళ్ళ ఊరివాళ్ళ కులవృత్తిలాంటిది. చైనా పళ్ళ డాక్టరు గారంటే గోదావరికి అటుపక్కా ఇటుపక్కా తెలియనివాళ్ళు ఉండేవారు కాదు. నాన్న ఇక్కడే పుట్టి, తెలుగు మీడియంలో చదివి, అదే కుర్చీ పక్కన నిలబడి పని నేర్చుకుని, మండపేట నుంచి వచ్చిన నర్సుని, అంటే మా అమ్మని, చేసుకున్నాడు. నాకు ఊహ తెలిసేసరికి తాతయ్య లేడు. ఇంట్లో మిగిలిన చైనా అంతా ఒక్క మామ్మే.

మామ్మని మొదట మామ్మ అనేవాళ్ళం కాదు. వాళ్ళ భాషలో నాన్నమ్మని పోపో అంటారు. నేను వీధి అరుగు మీద నిలబడి ‘పోపో! పోపో!’ అని గొంతు చించుకుని అరుస్తుంటే, ఎదురింటి రత్నం గారు పరుగున వచ్చి నా చెవి మెలిపెట్టింది. “తప్పు కాదటే అమ్మడూ? పెద్దావిణ్ణి పట్టుకుని పో పో అంటావేంటి?” అని. నాన్న ఎంత చెప్పినా వీధిలో ఎవరికీ ఎక్కలేదు. మర్నాటి నుంచీ అందరితో పాటు మేమూ మామ్మనేశాం. మామ్మ ఆ పిలుపుకీ పలికింది. ఆవిడకి ఎవరినీ నొప్పించడం చేతకాదు. తెలుగు అంతా బజార్లో నేర్చుకుంది కాబట్టి ‘అండి’ తీసేసి కూడా మాట్లాడొచ్చని ఆవిడకి తెలీదు. కూరగాయల బండివాణ్ణీ, నన్నూ, గుమ్మంలో పడుకున్న కుక్కనీ ఒకే మర్యాదతో పలకరించేది. “కుక్కగారండీ, కొంచెం అవతలకి వెళ్ళండి, తడిబట్ట పెట్టుకోవాలండి” అంటే కుక్క కూడా లేచి వెళ్ళిపోయేది.

ఆవిడ పండగలన్నీ చంద్రుణ్ణి బట్టి నడిచేవి, అయితే ఆ చంద్రుడు రత్నం గారి పంచాంగంలో ఉండేవాడు. చొల్లంగి అమావాస్యకి రత్నం గారు సంచీ సర్దుకుని సముద్ర స్నానానికి బస్సెక్కిందంటే, మా ఇంట్లో కొత్త సంవత్సరం వచ్చేసిందన్నమాట. గుమ్మానికి రెండువైపులా ఎర్ర కాగితాలు, వంటింట్లో ఒకదాని మీదొకటి పేర్చిన గిన్నెల్లోంచి ఆవిరి, బియ్యం అద్దిన మాంసం ఉండలు, అల్లం తురుమూ, కొత్తిమీరా. మామ్మ కోడి ఈకలు ఓ వాషరుకి కట్టి బంతిలాంటిది చేసిచ్చేది, దాన్ని కింద పడనీయకుండా కాలితో ఎగరెయ్యాలి. మా వీధిలో ఏడుపెంకులాట ఆడే పిల్లలంతా ఆ వారం ఆట మానేసి మా వాకిట్లో ఒంటికాలి మీద గెంతుతుండేవారు, మామ్మ చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని అందర్నీ ఓడించేది. భాద్రపద పున్నమికి చంద్రుడి బిళ్ళలు చేసేది. నువ్వులూ బెల్లమూ జీడిపప్పూ కూరి, అచ్చు దొరక్క గిన్నె మూతతో ఒత్తి, పెనం మీద కాల్చేది. వీధిలోవాళ్ళు అవి తిని “మామ్మగారి కజ్జికాయలు బలే ఉన్నాయండి” అనేవారు. కొన్నాళ్ళకి మేమూ కజ్జికాయలనే అన్నాం. ఆఖరికి మామ్మ కూడా అదే మాట అనడం మొదలుపెట్టింది.

ఒక్క పండగ మాత్రం ఆవిడ ఎవరితోనూ కలవనివ్వలేదు. వాళ్ళ లెక్కలో ఏడో నెల పున్నమి, మన లెక్కలో జంధ్యాల పౌర్ణమి. పోయినవాళ్ళకి ఆ నెలలో అవతలి లోకం తలుపులు తీస్తారట. వాళ్ళు పిల్లల ఇళ్ళు వెతుక్కుంటూ వచ్చి, పెట్టింది తిని, తిరిగి వెళ్ళేటప్పుడు దారి చీకటిగా ఉంటుంది కాబట్టి ఒక్కొక్కరికీ నీళ్ళ మీద ఒక్కొక్క దీపం వదలాలి. దీపం మీద పేరుండాలి. పేరు చూసుకుని ఎవరి దీపం వాళ్ళు పట్టుకుపోతారు. పేరు లేకపోయినా, తప్పు పేరు రాసినా ఎవరో పరాయివాళ్ళు తీసుకుపోతారు, మనవాళ్ళు చీకట్లో ఉండిపోతారు. ఇది మామ్మ కథలా చెప్పేది కాదు. కరెంటు బిల్లు ఫలానా రోజులోగా కట్టాలి అన్నంత మామూలుగా చెప్పేది.

దానికి పది రోజుల ముందు నుంచే మా ముందుగది నిండా కాగితాలు. మామ్మ వేళ్ళు ముడతలు పడి వంకర్లు పోయినా కాగితం పట్టుకుంటే పదహారేళ్ళ పిల్ల వేళ్ళే. మడిచి, తిప్పి, లోపల్నుంచి ఒక్కొక్క రేకూ బయటికి లాగితే తామరపువ్వు అయి కూచునేది. నీళ్ళకి తడవకుండా అడుగున మైనం పట్టించాలి కదా, నాన్న దుకాణంలో పళ్ళ సెట్లకి వాడగా మిగిలిన గులాబి మైనం ముక్కలన్నీ ఏడాది పొడుగునా ఓ పాలడబ్బాలో దాచి, ఆ రోజుల్లో కిరసనాయిలు స్టవ్ మీద కరిగించేది. బయట ముసురు, లోపల మైనం వాసన, లవంగ నూనె వాసన, గోడలకి చెమ్మ, పువ్వుల మధ్య తొక్కకుండా గెంతుతూ నేను. మడతలు నాకూ నేర్పింది. నాకు బాగానే వచ్చాయి. ఇప్పటికీ వచ్చు.

పేర్లు రాయడం తాతయ్య పని. మామ్మకి చదువు రాదు, ఆ భాషా రాదు, ఈ భాషా రాదు. తాతయ్య జబ్బు పడి ఇంక లేవనని తెలిసినప్పుడు, పోయినవాళ్ళందరి పేర్లూ కుంచెతో పసుప్పచ్చ కాగితం పట్టీల మీద రాసి, ఇవి చూసి దింపుకోండి అని నాన్న చేతికిచ్చాడట. నాకూ పనికొస్తుందిలే అని నవ్వుతూ తన పేరు కూడా తనే రాసుకున్నాడట. నాన్న ఏటా ఆ పట్టీలు ముందు పెట్టుకుని, పళ్ళు చెక్కే శ్రద్ధతో, నాలుక కొస పంటికింద పెట్టుకుని, గీతకి గీత దింపేవాడు. ఒక్క అక్షరమూ ఆయనకి అర్థం కాదు, బొమ్మలు గీసినట్టే. మామ్మ పక్కన కూచుని ఆ గీతల్ని తడిమి చూసేది. చదవలేకపోయినా ఏ పట్టీ ఎవరిదో ఆవిడకి వాలకం తెలుసు. “ఇది మా అత్తగారండీ, పక్కన ఆ కాలు కొంచెం పొడుగ్గా ఉండాలండి” అని దిద్దించేది.

ఆ పూట వంట కూడా చెప్పాలి. శ్రావణం అంటే గోదావరి ఎర్రగా, పొంగుతూ, పులస వచ్చే కాలం. నాన్న ఎక్కడో ఒక్క పులస సంపాదిస్తే, మామ్మ దాన్ని శుభ్రం చేసి, బియ్యప్పిండి అద్ది, ఆవిరి మీద పెట్టేది. అది చూసి రత్నం గారు గుండెలు బాదుకున్నంత పనిచేసింది. “అయ్యయ్యో, పులసని ఇడ్లీలాగ ఉడకేస్తారేంటండీ మామ్మగారూ! పులుసు పెట్టి మర్నాడు తినాల్సిన చేపండీ అది!” మామ్మ తాపీగా “మావాళ్ళకి ఇలాగే అలవాటండీ. పులుసు పెడితే ఇది మన ఇల్లు కాదనుకుని వెళ్ళిపోతారండి” అంది.

సందెవేళ కోటిలింగాల రేవుకి వెళ్ళేవాళ్ళం. మెట్లు సగం మునిగి ఉండేవి. దీపాలు చూసి చుట్టూ జనం పోగయ్యేవారు; కార్తీకం ఇంకా మూణ్ణెల్లుంది కదా, పాపం ఈవిడకి నెల తెలీలేదు అని జాలిపడేవాళ్ళు కొందరు. వరద నీటిలో ఆ కాగితం పువ్వులు ఎంతసేపు నిలుస్తాయి! కొన్ని సుడిలో తిరిగి తిరిగి మునిగేవి. ఓ ఏడు వరద హెచ్చరిక పెట్టి రేవు మూసేస్తే, ఓ మురుగు కాలవలాంటి పంటకాలవలో వదిలి వచ్చాం. అప్పుడు రత్నం గారు మంచికే చెప్పింది. “కార్తీకంలో వదులుకోకూడదా అండీ? గోదారి నెమ్మదిగా ఉంటుంది. అందరితో పాటూ హాయిగా వెళ్తాయి.” మామ్మ ఒప్పుకోలేదు. “అందరివాటిలో కలిసిపోతే మావి ఎక్కడని వెతుక్కుంటారండీ?”

నేను డిగ్రీలో చేరిన ఏడు మామ్మ మంచం పట్టింది. ఆస్పత్రిలో ఓ మధ్యాహ్నం నాన్న చెయ్యి పట్టుకుని “నాకు దీపం పెడతారు కదండీ?” అంది. కొడుకుని కూడా అండీ అనేది. నాన్న “పెడతానమ్మా, నువ్వు పడుకో” అన్నాడు. “పేరు సరిగ్గా రాయండి” అంది. నాన్న అలాగేనన్నాడు. నేనూ అక్కడే ఉన్నాను. అలాగే అనడం ఎంత తేలికో! ఆ మార్గశిరంలోనే పోయింది.

తర్వాతి శ్రావణంలో పువ్వులన్నీ నేనే మడిచాను. నాన్న పట్టీలు తీసి ముందు పరుచుకున్నాడు. ముత్తాత, ముత్తవ్వ, ఎప్పుడో ఓడలో పోయిన ఎవరో చిన్నాన్న, తాతయ్య, ఒక్కొక్కరినీ దింపాడు. చివరి ఖాళీ పట్టీ తీసుకుని, కుంచె సిరాలో ముంచి, అలాగే ఉండిపోయాడు. సిరా చుక్క కాగితం మీద పడింది. మామ్మ పట్టీ లేదు. ఎలా ఉంటుంది? పోయినవాళ్ళ పేర్లే రాస్తారు, బతికున్నవాళ్ళ పేరు రాస్తే అరిష్టం. తాతయ్య అందరి పేర్లూ రాశాడు, తన పేరూ రాసుకున్నాడు, ఆవిడ నూరేళ్ళు బతకాలని ఆవిడది మాత్రం రాయలేదు. ఇన్నేళ్ళూ ఆ పట్టీల చుట్టూ కూచున్న మా ముగ్గురిలో ఒక్కరికీ ఆ ఆలోచనే రాలేదు!

నాన్న విజయవాడలో ఉండే తాతయ్య స్నేహితుడి ఇంటికి ఫోన్ చేశాడు, ఆయన పోయాడన్నారు. కలకత్తాలో ఉన్న దూరపు చుట్టాల్ని పట్టుకుంటే, ఆవిణ్ణి మేము వదినే అనేవాళ్ళం, పేరేంటో ఎప్పుడూ అడగలేదు అన్నారు. అందరికీ ఆవిడ కోడలో, వదినో, పోపోనో, మామ్మో, డాక్టరు గారి అమ్మో. పేరుతో పిలిచిన మనిషి తాతయ్య ఒక్కడే. హుషారుగా ఉన్నప్పుడు ‘ఆ లాన్’ అని కేకేసేవాడని నాన్నకి గుర్తు. ప్రభుత్వం కాగితాల్లో ఉన్నదీ ఆ చప్పుడే, ఇంగ్లీషు అక్షరాల్లో. చివరికి నాన్న తెలుగులో ‘లాన్’ అని రాశాడు. మన లిపిలో ఏదైనా విన్నది విన్నట్టు రాసుకోవచ్చని స్కూల్లో ఎంత గొప్పగా చెప్పుకున్నామో! కానీ మామ్మకి తెలుగు చదవడం రాదు కదా, తాతయ్య రాతైతే చదవలేకపోయినా వాలకం పట్టేది. ఆ దీపం తనదని ఆవిడకి ఎవరు చెప్తారు? చాలా ఏళ్ళు అలాగే వదిలాం.

ఇప్పుడు నాన్న దుకాణం లేదు. భీమవరంలోనూ రాజమండ్రిలోనూ చదువుకున్న డాక్టర్లు వీధికొకరున్నారు, డిగ్రీ లేని పళ్ళ డాక్టరుకి బోర్డు పెట్టే వీల్లేదు. రత్నం గారు పోయింది. ఎర్ర కాగితాలు లేవు, ఈకల బంతి లేదు. అలాగని చైనా కరువైందా అంటే, సందు సందుకీ డ్రాగన్ బొమ్మేసిన నూడిల్స్ బండి ఉంది, దీపావళికి మాల్‌లో ఎర్ర బుట్టదీపాలు వేలాడతాయి. ఆ బండివాడు నా కళ్ళు చూసి, మీది నేపాలా అక్కా అంటాడు. ఆఫీసులో స్నేహితులు నా కథ విని, అయ్యో, మీ కల్చర్ మీరే కాపాడుకోవాలండి అని సలహా ఇస్తారు. దేనితో కాపాడమంటారు, నా తలకాయతోనా?

అయినా ఆశ చావక, నిరుడు ఫోన్‌లో చైనా భాష నేర్పే ఒక టీచర్ని పట్టుకున్నాను. మంచి పిల్ల, ఓపిగ్గా విన్నది. లాన్ అంటే ఏ లాన్ అని అడిగింది. ఒక రకం పువ్వు ఉంది, నీలం రంగు ఉంది, కొండ మీది మంచు ఉంది, అల ఉంది. పైగా మీ హూబే వాళ్ళకి ‘న’కీ ‘ల’కీ తేడా ఉండదు కాబట్టి నాన్ అయినా కావచ్చు, అప్పుడు దక్షిణం. అన్నీ వరసగా రాసి పంపింది. అవి తీసుకెళ్ళి నాన్నకి చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని, ఫోన్ దగ్గరగా, దూరంగా పెట్టి, చాలాసేపు చూశాడు. ఒక్కొక్క గీతకీ అంత పాటుపడే మనిషి, ఫోన్ నాకిచ్చేసి అన్నాడు: “ఏదో ఒకటి రాసెయ్యమ్మా.”

రాశాను. పువ్వు రాశాను. రేవులో నీళ్ళు ఎర్రగా, నిండుగా ఉన్నాయి, మాతో పాటు ఎవరూ లేరు. తాతయ్యవాళ్ళవి ముందు వదిలి, ఆఖరున మామ్మది వదిలాం. అది మునగలేదు, పాడు దీపం, ఎప్పుడూ లేనిది, నిటారుగా కూచుని చక్కగా సాగిపోయింది. మలుపు దాటేదాకా చూసి, నాన్న మెల్లగా అడిగాడు.

“ఆవిడ పేరు అది కాకపోతే, ఎవరో తీసుకుపోతారు కదమ్మా?”

నేను నాన్న చెయ్యి పట్టుకుని మెట్లెక్కించి, ఆటో పిలిచాను.